ఆటగాడు ఎవరి సొత్తు?

*అమెరికాలో మొదలైన గోల్ఫ్ టూర్ల పోరు అహ్మదాబాద్ దాకా వచ్చింది. ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ, మరొకరితో చేతులు కలుపుతూ టూర్లు సాగిస్తున్న ఈ యుద్ధంలో దారి మూసుకుపోతున్న ఆటగాళ్ల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.*

2025 మార్చి 30, ఆదివారం. గురుగ్రామ్‌లోని డీఎల్‌ఎఫ్ గోల్ఫ్ కోర్సులో పద్దెనిమిదో హోల్. గ్రీన్ చుట్టూ జనం మూగారు. స్పెయిన్‌కు చెందిన పాతికేళ్ల యుజేనియో చకార్రా చివరి పట్ ముగించి హీరో ఇండియన్ ఓపెన్ విజేతగా నిలిచాడు. అంతకుముందు ఏడాది ఇదే ట్రోఫీ ఎత్తిన జపాన్ ఆటగాడు కైటా నకజిమా రెండు స్ట్రోకుల తేడాతో రెండో స్థానంలో ఆగిపోయాడు. చకార్రా ఆ టోర్నీకి వచ్చింది హక్కుతో కాదు, ఆహ్వానం మీద. 2022లో కాలేజీ గోల్ఫ్ నుంచి నేరుగా, సౌదీ డబ్బుతో పుట్టిన లివ్ గోల్ఫ్‌లో చేరాడు. ఆ ఏడాది అక్టోబరులోనే బ్యాంకాక్‌లో గెలిచి 40 లక్షల డాలర్లు అందుకున్నాడు. 2024తో ఒప్పందం ముగిసింది, మళ్లీ ఎవరూ పొడిగించలేదు. చేతిలో కావలసినంత డబ్బుంది, ఆడటానికి టూర్ లేదు. గురుగ్రామ్ గెలుపుతో అతనికి డీపీ వరల్డ్ టూర్‌లో ఆడే హక్కు దక్కింది. ప్రైజ్‌మనీ చెక్కు కన్నా అతనికి విలువైనది అదే.

అంతకు సరిగ్గా రెండు నెలల ముందు, జనవరి 30 నుంచి ఫిబ్రవరి 2 వరకు, ఇదే కోర్సులో ఇంకో టోర్నీ జరిగింది. దాని పేరు ఇంటర్నేషనల్ సిరీస్ ఇండియా. లివ్ గోల్ఫ్ పెట్టుబడితో ఏషియన్ టూర్ నడిపే సిరీస్ ఇది. లివ్ అగ్రతార బ్రైసన్ డిషాంబో స్వయంగా వచ్చి ఆడాడు. అక్టోబరులో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో 40 లక్షల డాలర్ల ప్రైజ్‌మనీతో డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్ జరిగితే రోరీ మెకల్‌రాయ్ వచ్చాడు, టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. ఒక్క ఏడాదిలో, ఒకే రాజధాని చుట్టుపక్కల, బద్ధశత్రువులైన లివ్, డీపీ వరల్డ్ టూర్ శిబిరాలు రెండూ వచ్చి డేరాలు వేశాయి. భారత గోల్ఫ్ అభిమాని ఇలాంటి వైభవం ఎన్నడూ చూడలేదు. అదే ఏడాది దేశవాళీ గోల్ఫ్ కూడా నిలువునా చీలింది. ఈ రెండూ ఒకే కథలోని రెండు భాగాలు.

కార్డు లేని ఆటగాడికి పని లేదు

క్రికెటర్‌కు జట్టు ఉంటుంది, బోర్డు ఉంటుంది, ఒప్పందం ఉంటుంది. గోల్ఫ్ ప్రొఫెషనల్‌కు ఇవేవీ ఉండవు. టోర్నీల వరుసను నడిపే సంస్థే టూర్. ఆ టూర్‌లో ఆడే హక్కును కార్డు అంటారు. ప్రయాణం, బస, క్యాడీ కూలి, ఎంట్రీ ఫీజు అన్నీ ఆటగాడే భరించాలి. మామూలుగా నాలుగు రోజుల టోర్నీలో రెండు రోజుల తర్వాత సగం మందికి పైగా ఇంటికి పోతారు. దీన్నే కట్ అంటారు. కట్ దాటని వాడికి ఆ వారం సంపాదన సున్నా. టూర్లు తమలో తాము చేసుకునే ఒప్పందాలను బట్టి ఒక టూర్‌లో రాణించినవాడికి పై టూర్‌లో చోటు వస్తుంది. కాబట్టి టూర్ల మధ్య స్నేహమూ వైరమూ ఆటగాడికి బోర్డు గదుల్లో జరిగే వ్యాపార వార్తలు మాత్రమే కావు, వచ్చే ఏడాది ఎక్కడ ఆడతాడో, అసలు ఆడతాడో లేదో తేల్చే విషయాలు.

ఈ స్నేహాలు ఎంత త్వరగా మారిపోతాయో హీరో ఇండియన్ ఓపెన్ చరిత్రే చెబుతుంది. 1964లో మొదలైన ఈ టోర్నీని 2015 నుంచి 2019 వరకు యూరోపియన్ టూర్, ఏషియన్ టూర్ కలిసి నడిపాయి. కరోనాతో మూడేళ్లు ఆగి 2023లో మళ్లీ మొదలయ్యేసరికి ఏషియన్ టూర్ పేరు పోస్టర్ మీద లేదు. మధ్యలో ఏం జరిగింది? 2021 అక్టోబరులో లివ్ సంస్థ ఏషియన్ టూర్‌లో 20 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది, నాలుగు నెలలకే దాన్ని 30 కోట్లకు పెంచింది. యూరోపియన్ టూర్ అప్పటికే డీపీ వరల్డ్ టూర్‌గా పేరు మార్చుకుని, అమెరికా పీజీఏ టూర్‌తో జట్టు కట్టేసింది. రెండు పెద్దిళ్లు విడిపోతే మధ్యలో ఉన్న ఉమ్మడి పెరడు పోయింది. ఏషియన్ టూర్ సభ్యత్వంతో సొంత దేశపు ఓపెన్‌లో ఆడుతూ వచ్చిన భారతీయులు ఆ దారి కోల్పోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

నేటి రాజు నిన్నటి తిరుగుబాటుదారుడు

పీజీఏ టూర్ పుట్టుకే ఒక తిరుగుబాటు. 1968లో ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ వంటి ఆటగాళ్లు, క్లబ్ కోచ్‌ల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా నుంచి విడిపోయి తమ టోర్నీలు తామే నడుపుకుంటామన్నారు. టెలివిజన్ డబ్బు ఆటగాళ్లకు దక్కాలన్నది వారి వాదన. అది న్యాయమైనదే. అలా పుట్టిన సంస్థే 1994లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రెగ్ నార్మన్ ప్రపంచ టూర్ పెడతానంటే అడ్డుకుంది. 2022 జూన్‌లో లండన్ దగ్గర లివ్ తొలి టోర్నీ మొదలైన రోజునే అందులో ఆడుతున్న 17 మందిని సస్పెండ్ చేసింది. ఆ తొలి టోర్నీలో 48 మంది మాత్రమే ఆడారు, కట్ లేదు, మొత్తం ప్రైజ్‌మనీ 2.5 కోట్ల డాలర్లు. గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు ఛార్ల్ ష్వార్ట్‌జెల్‌కు జట్టు వాటాతో కలిపి 47.5 లక్షల డాలర్లు వచ్చాయి.

ఆసియాలోనూ ఇలాంటిది ఇంతకుముందే ఒకసారి జరిగింది. మన పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2009లో వన్‌ఏషియా అనే పోటీ టూర్ వచ్చింది. అందులో ఆడిన తన సభ్యులకు ఏషియన్ టూర్ జరిమానాలు వేసింది. నలుగురు ఆటగాళ్లు సింగపూర్ హైకోర్టుకు వెళ్లారు. 2012లో కోర్టు వారి పక్షాన నిలిచింది. జరిమానాల నిబంధన ఆటగాడి జీవనోపాధికి అన్యాయంగా అడ్డుపడుతోందని తేల్చింది. కొన్నేళ్లకు వన్‌ఏషియా మూతపడింది, ఏషియన్ టూర్ మిగిలింది. ఆ నలుగురూ ప్రపంచ తారలు కారు. వారం వారం కట్ దాటితే గానీ ఇల్లు గడవని మామూలు ఆటగాళ్లు. టూర్ల పోరులో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది ఎక్కువగా ఇలాంటి వారికే.

> పోరు నడిచిన తీరు
>
> 2020 నవంబరు: పీజీఏ టూర్, యూరోపియన్ టూర్ వ్యూహాత్మక ఒప్పందం.
>
> 2022 జూన్: లివ్ తొలి టోర్నీ. 17 మందిపై పీజీఏ టూర్ వేటు.
>
> 2022 ఆగస్టు: 11 మంది లివ్ ఆటగాళ్లు అమెరికా కోర్టులో పీజీఏ టూర్‌పై దావా.
>
> 2023 జూన్ 6: కోర్టులో కొట్టుకుంటున్న పీజీఏ టూర్, లివ్ వెనకున్న సౌదీ నిధి సంస్థల మధ్య హఠాత్తుగా సంధి ప్రకటన. ఏడాది చివరి గడువులోగా తుది ఒప్పందం కుదరలేదు.
>
> 2023 డిసెంబరు: స్పెయిన్ దిగ్గజం జాన్ రామ్ లివ్‌లోకి.
>
> 2024 జనవరి: అమెరికా క్రీడా పెట్టుబడిదారుల బృందం నుంచి పీజీఏ టూర్ వ్యాపార సంస్థకు తొలి విడత 150 కోట్ల డాలర్లు.
>
> 2026 జనవరి: లివ్ నుంచి బయటికొచ్చిన బ్రూక్స్ కెప్కాకు పీజీఏ టూర్ తలుపు తెరిచింది.

డబ్బు పెరిగింది, చోట్లు తగ్గాయి

పోటీ మంచిదేనని, ఒకే సంస్థ గుత్తాధిపత్యం ఉంటే ఆటగాడికి బేరమాడే శక్తి ఉండదని వాదించేవారున్నారు. సగం నిజం. లివ్ బెదిరింపు మొదలయ్యాకే పీజీఏ టూర్ ఖజానా తెరుచుకుంది. 2021లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ ప్రైజ్‌మనీ 1.5 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 2 కోట్లు, 2023లో 2.5 కోట్లు. సిగ్నేచర్ ఈవెంట్ల పేరుతో 2 కోట్ల డాలర్ల టోర్నీలు వరసగా వచ్చాయి. అయితే ఆ టోర్నీల్లో ఆడేది డెబ్భై ఎనభై మందే. మిగతా సగం ఇంకా ముఖ్యం. 2026 నుంచి పీజీఏ టూర్ పూర్తి కార్డు నిలబెట్టుకునేవారి సంఖ్యను 125 నుంచి 100కు తగ్గించారు. దిగువ టూర్ అయిన కార్న్ ఫెర్రీ నుంచి పైకి వచ్చేవారిని 30 నుంచి 20కి తగ్గించారు. తారలను నిలుపుకోవడానికి పైన డబ్బు కుమ్మరించారు, దానికోసం కింద చోట్లు కుదించారు. పోటీ వల్ల లాభపడింది అప్పటికే గుమ్మం లోపల ఉన్నవాళ్లు.

ఆ ఇరవై చోట్లలో ఒకటి విశాఖపట్నంలో పుట్టిన కుర్రాడికి దక్కింది. సుదర్శన్ యల్లమరాజు నాలుగేళ్ల వయసులో కుటుంబంతో కెనడా వెళ్లాడు, మిస్సిసాగాలో పెరిగాడు. పేరున్న కోచ్‌ల దగ్గర కాక, యూట్యూబ్ వీడియోలు చూసి స్వింగ్ నేర్చుకున్నాడు. అమెరికా విశ్వవిద్యాలయాల స్కాలర్‌షిప్ దారి పట్టకుండా బడి చదువు కాగానే ప్రొఫెషనల్ అయ్యాడు. దిగువ టూర్లలో ఏళ్ల తరబడి ఆడాడు. 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టోర్నీ గెలిచాడు, ఆ ఏడాది పట్టికలో తొలి ఇరవైలో నిలిచి 2026కు పీజీఏ టూర్ కార్డు సంపాదించాడు. ఇతన్ని ఏ టూర్ కూడా కోట్లిచ్చి పిలవలేదు. స్కోరును బట్టి ఎవరైనా సరే పైకి రావచ్చునన్న నియమం ఒక్కటే ఇతన్ని అక్కడికి చేర్చింది. ఆహ్వానాల మీద, ఒప్పందాల మీద నడిచే టూర్‌లో సుదర్శన్ లాంటివాడు కనబడడు. చోట్లు ఇరవై నుంచి పదికి తగ్గితే ఇక్కడా కనబడడు. నా దృష్టిలో టూర్ గొప్పతనాన్ని కొలవాల్సింది విజేతకు ఎన్ని కోట్లు ఇచ్చిందన్న లెక్కతో కాక, ఇలాంటి అనామకులు ఎందరు పైకి రాగలిగారన్న లెక్కతో.

> రెండు స్ట్రోకులు, పాతిక లక్షల డాలర్లు
>
> సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఆడి, 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని మూడు అత్యున్నత పురస్కారాలూ అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం, 2024లో ప్రెసిడెంట్స్ కప్ జట్టులో చోటు.
>
> 2024 ఆగస్టు 31న అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో బంకర్ నుంచి కొట్టబోతూ క్లబ్ ఇసుకను తాకిందేమోనని అతనికి అనుమానం వచ్చింది. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది. చివరికి రెండో స్థానానికి సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో మూడో స్థానంలో నిలిచి 75 లక్షల డాలర్లు అందుకున్నాడు. శిక్ష లేకుంటే రెండో స్థానం పంచుకుని కోటి డాలర్లు పొందేవాడు.

మన ఇంట్లో చీలిక

మన దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా, అంటే పీజీటీఐ, 2006లో ఆటగాళ్లే కలిసి పెట్టుకున్న సంస్థ. దేశమంతా తిరుగుతుంది. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో గోల్కొండ మాస్టర్స్, విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో వైజాగ్ ఓపెన్ దీని టోర్నీలే. చాలా టోర్నీల్లో ప్రైజ్‌మనీ కోటి రూపాయలు, విజేత వాటా 15 లక్షలు. 2023 నుంచి పీజీఏ టూర్, డీపీ వరల్డ్ టూర్‌లతో కుదిరిన ఒప్పందం వల్ల పీజీటీఐ పట్టికలో మొదటి స్థానం సాధించినవారికి డీపీ వరల్డ్ టూర్ కార్డు నేరుగా వస్తోంది. మధ్యప్రదేశ్‌లోని మహూ నుంచి వచ్చిన ఓంప్రకాశ్ చౌహాన్ 2023లో, వీర్ అహ్లావత్ 2024లో, యువరాజ్ సంధు 2025లో ఆ కార్డు అందుకున్నారు. డీపీ వరల్డ్ టూర్‌లో రాణించిన పది మందికి పీజీఏ టూర్ కార్డు ఇస్తారు. అంటే గోల్కొండలో క్యాడీగా మొదలైనవాడు కూడా కాగితం మీద అమెరికాలోని మాస్టర్స్ దాకా వెళ్లగలడు. ఇలాంటి దారి భారత గోల్ఫ్‌కు ఇంతకుముందు లేదు. దాన్ని తెచ్చిన ఘనత పీజీటీఐదే.

2025లో ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్, ఐజీపీఎల్, వచ్చింది. మాజీ క్రికెటర్ యువరాజ్ సింగ్ దాని సహ యజమాని, ప్రచారకర్త. సీఈఓ ఉత్తమ్ సింగ్ ముండీ అంతకుముందు పీజీటీఐ సీఈఓగా పనిచేసినవాడే. టోర్నీకి కోటిన్నర ప్రైజ్‌మనీ, విజేతకు 22.5 లక్షలు, మూడు రోజుల్లో 54 హోల్స్, పురుషులూ మహిళలూ ఒకే పోటీలో. ఏషియన్ టూర్‌లో పలుమార్లు గెలిచిన గగన్‌జీత్ భుల్లర్ వంటి పెద్ద పేర్లు అటు వెళ్లాయి. వెళ్లినవారికి పీజీటీఐ తలుపులు మూసుకున్నాయి. ఐజీపీఎల్ ఏషియన్ టూర్‌తో చేతులు కలిపింది. ఆ స్నేహం ఫలమే అహ్మదాబాద్‌లోని కల్హార్ బ్లూస్ అండ్ గ్రీన్స్‌లో జరిగిన భారత్ క్లాసిక్. పీజీటీఐ వెనక డీపీ వరల్డ్, పీజీఏ టూర్లున్నాయి, ఐజీపీఎల్ వెనక ఏషియన్ టూర్, దాని వెనక లివ్ పెట్టుబడి ఉన్నాయి. భారత ఆటగాడు ఇక్కడ ఏ టూర్‌లో ఆడాలో ఎంచుకుంటే, ప్రపంచంలో ఏ శిబిరంలో ఉండాలో కూడా ఎంచుకున్నట్టే. ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద ఇంత బరువు పెట్టడం న్యాయం కాదు.

> గుజరాత్ పచ్చిక
>
> అహ్మదాబాద్ శివార్లలోని కెన్స్‌విల్ కోర్సును గోల్ఫర్ జీవ్ మిల్ఖా సింగ్ రూపొందించాడు. 2011 నుంచి 2013 వరకు యూరప్ ఛాలెంజ్ టూర్ అక్కడ ఆడింది. తొలి ఏడాది విజేత భుల్లర్, మూడో ఏడాది విజేత శివ్ కపూర్. వడోదరలో గాయక్వాడ్ల లక్ష్మీ విలాస్ రాజభవనం ఆవరణలోనే గోల్ఫ్ క్లబ్ ఉంది.

సూరత్ సాంచెల దగ్గర తెలిసిన న్యాయం

భారత్ క్లాసిక్ జరిగిన చోటికి సూరత్ సుమారు 260 కిలోమీటర్లు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డ ఊరు ఇది. గోల్ఫ్ టూర్ల తగవు అర్థం కావాలంటే సాంచెల (మరమగ్గాల) మీద బతికిన ఈ మనుషులకు వివరించి చెప్పాల్సిన పని లేదు. ఇద్దరు సేట్లు ఒకే నేతకారుడి కోసం పోటీపడితే మీటరు కూలి పెరుగుతుంది, అది అతనికి మంచిది. వారిలో ఒకడు 'నా నూలు నేసినవాడు ఇంకెవరిదీ నేయకూడదు, నేస్తే మళ్లీ నా గడప తొక్కకూడదు' అన్నాడనుకోండి. ఆ రోజు నుంచి పెరిగిన కూలి కూడా అతనికి ఉరితాడే. ఆ సేటు రేపు సాంచెలు అమ్ముకుని పోతే నేతకారుడు ఎక్కడికి పోవాలి? లివ్ ఒప్పందం ముగిసిన చకార్రా సరిగ్గా ఈ ప్రశ్న ముందే నిలబడ్డాడు. అతనికి గురుగ్రామ్‌లో ఆహ్వానం దొరికింది. అందరికీ దొరకదు.

నేను పోటీకి వ్యతిరేకం కాదు. ఐజీపీఎల్ వచ్చాక దేశవాళీ ప్రైజ్‌మనీ గురించి చర్చ మొదలైంది, పీజీటీఐ కూడా ఫ్రాంచైజీ లీగ్ ప్రకటించింది, మహిళలకు పురుషులతో సమానమైన వేదిక దొరికింది. ఇవన్నీ లాభాలే. నేను తప్పుపట్టేది బహిష్కారాన్ని. పోటీ వల్ల ఆటగాడికి రావలసిన లాభాన్ని బహిష్కారం తిరిగి లాక్కుంటుంది.

టూర్ల వాదన ఏమిటి?

టూర్ల వైపు నుంచి బలమైన వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒక టూర్ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫలానా ఆటగాళ్లు వస్తారన్న నమ్మకంతోనే స్పాన్సర్ డబ్బు పెడతాడు. టూర్ పెంచి పెద్దచేసిన ఆటగాళ్లను వేరొకడు డబ్బుతో ఎత్తుకుపోతే ఆ టోర్నీ కూలిపోతుంది, అందులో ఆడే వందమంది చిన్న ఆటగాళ్లు వీధిన పడతారు. 2023 ఏప్రిల్‌లో లండన్‌లోని స్పోర్ట్ రిజల్యూషన్స్ మధ్యవర్తిత్వ బృందం ఈ వాదనను ఒప్పుకుంది. అనుమతి లేకుండా లివ్‌లో ఆడినవారికి లక్ష పౌండ్ల జరిమానా వేసే హక్కు డీపీ వరల్డ్ టూర్‌కు ఉందని తేల్చింది. సింగపూర్ కోర్టు ఒకటి చెప్పింది, లండన్ బృందం మరొకటి చెప్పింది. రెండూ చదివితే నాకు తేలిన సారం ఇది: అదే వారం సొంత టోర్నీ ఉన్నప్పుడు సభ్యుణ్ణి నిలుపుకునే హక్కు టూర్‌కు ఉండటం సబబే. ఖాళీ వారంలో అతను ఎక్కడ ఆడాడన్న కారణంతో సభ్యత్వమే తీసేయడానికి ఆ హక్కు చాలదు.

పైగా ఈ నియమం అందరికీ ఒకేలా అమలు కావడం లేదు. ఐదు మేజర్లు (గోల్ఫ్‌లో అత్యున్నత టోర్నీలు) గెలిచిన కెప్కా లివ్ వదిలి రాగానే పీజీఏ టూర్ ప్రత్యేకంగా తిరుగు దారి తయారుచేసింది. 50 లక్షల డాలర్ల దానం, ఐదేళ్ల పాటు టూర్ లాభాల్లో వాటా లేకపోవడం వంటి షరతులతో సరిపెట్టింది. 2022 నుంచి 2025 మధ్య మేజరో, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్పో గెలిచినవారికే ఈ దారి. కెప్కాతో టూర్‌కు పని ఉంది, అందుకే క్షమించింది. జంషెడ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో పుట్టి, ఏడాదికి పది లక్షలు కూడా మిగలని ఆటగాడితో ఎవరికి పని ఉంటుంది?

సౌదీ డబ్బు మానవహక్కుల మచ్చ కడుక్కోవడానికి వస్తోందని, దానితో చేయి కలపకూడదని ఇంకొందరంటారు. ఆ ప్రశ్న నిజమైనదే. కానీ దాన్ని ఆటగాడి మీద మాత్రమే ఎక్కుపెట్టడం ఏమిటి? నైతికత పేరుతో లివ్‌ను తిట్టిన పీజీఏ టూరే 2023 జూన్‌లో ఆ సౌదీ నిధితో సంధి ప్రకటించింది. డీపీ వరల్డ్ టూర్ పేరులో ఉన్నది దుబాయ్ కంపెనీ. సంస్థలు బోర్డు గదుల్లో చేసుకున్న సంధిని అవసరం అంటాం, ఆటగాడు చేస్తే ద్రోహం అంటాం. ఈ రెండు కొలతలు నేను అంగీకరించలేను.

గోల్ఫ్ ధనవంతుల ఆట, దాని తగవులు మనకెందుకని అడిగేవారికీ ఒక మాట. క్లబ్ సభ్యత్వం ధనవంతులదే. భారత ప్రొఫెషనల్ గోల్ఫ్ మాత్రం చాలావరకు క్యాడీల, మాలీల పిల్లలది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారత ప్రొఫెషనల్ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో సంచులు మోసినవాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచి యూరప్ తలుపు తట్టిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, రాయల్ కలకత్తా క్లబ్‌లో పచ్చిక చూసుకునే వ్యక్తి కొడుకు. టూర్ తలుపు మూసుకుంటే ముందుగా బయట మిగిలిపోయేది ఇలాంటివాళ్లే. స్థోమత ఉన్న ఇంటి పిల్లవాడు అమెరికా కాలేజీకి పోతాడు, అతనికి ఇంకో దారి ఉంది.

గుంటూరు కుర్రాడు, హరియాణా హరికేన్

బహిష్కారం ఎంత నష్టం చేస్తుందో తెలుగు పాఠకుడికి చెప్పడానికి గోల్ఫ్ దాకా వెళ్లక్కర్లేదు. 2007లో బీసీసీఐకి పోటీగా ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చింది. 2004లో భారత అండర్-19 జట్టుకు నాయకత్వం వహించిన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు హైదరాబాద్ హీరోస్‌లో చేరాడు. ఆ జట్టు 2008లో టైటిల్ కూడా గెలిచింది. బీసీసీఐ ఆ లీగ్‌లో ఆడిన అందరికీ దేశవాళీ క్రికెట్ తలుపులు మూసేసింది. 2009లో క్షమాభిక్ష పెట్టాక రాయుడు తిరిగొచ్చాడు. భారత జట్టు టోపీ అందుకున్నది 2013 జులైలో, హరారేలో, 27 ఏళ్ల వయసులో. తొలి మ్యాచ్‌లోనే అజేయంగా 63 పరుగులు చేశాడు. టెస్టు ఒక్కటీ ఆడలేదు. ఇతర కారణాలూ ఉండవచ్చు, కానీ ఒక బ్యాట్స్‌మన్ జీవితంలో 21 నుంచి 23 ఏళ్ల మధ్య కాలం మళ్లీ రాదు. లీగ్ 2009లో ఆగిపోయింది, చాలామందికి జీతాలు కూడా పూర్తిగా అందలేదు. తారలు ఎలాగో నెగ్గుకొచ్చారు. పేరు తెలియని రంజీ ఆటగాళ్లు కొందరు ఆట నుంచే వెళ్లిపోయారు.

ఆ లీగ్ కార్యనిర్వాహక మండలికి చైర్మన్, హరియాణా హరికేన్‌గా పేరుపడ్డ కపిల్ దేవ్. అందుకు శిక్షగా 2007 ఆగస్టులో బీసీసీఐ ఆయన్ను జాతీయ క్రికెట్ అకాడమీ చైర్మన్ పదవి నుంచి తీసేసింది. ప్రపంచకప్ తెచ్చిన నాయకుణ్ణి అయిదేళ్లు దూరం పెట్టి, 2012లో రాజీపడింది. అదే కపిల్ దేవ్ 2024లో పీజీటీఐ అధ్యక్షుడయ్యారు. అప్పుడు తిరుగుబాటు లీగ్ వైపు ఉన్న మనిషి ఇప్పుడు పాత సంస్థ కుర్చీలో ఉన్నారు. బహిష్కారం రుచి ఎలా ఉంటుందో భారత క్రీడా పాలకుల్లో ఆయనంత బాగా తెలిసినవారు లేరు. అందుకే ఈ విషయంలో ఆయన మీద నాకు ఆశ ఎక్కువ.

చేయాల్సింది పెద్ద విలీనమేమీ కాదు. రెండు సంస్థలూ వాటి యజమానులతో, స్పాన్సర్లతో విడివిడిగానే ఉండవచ్చు, వారి విదేశీ స్నేహాలు వారివి. షెడ్యూళ్లు ముందే సరిచూసుకుని ఒకే వారం రెండు టోర్నీలు పెట్టకుండా ఉంటే చాలా తగవు తీరిపోతుంది. ఘర్షణ తప్పని వారాల్లో సభ్యుడికి ఏడాదికి ఇన్నిసార్లు అని అనుమతి ఇవ్వవచ్చు, పీజీఏ టూర్ తన సభ్యులకు విదేశీ టోర్నీల కోసం ఇలాగే విడుదల పత్రాలు ఇస్తూ వచ్చింది. ఒక టూర్‌లో ఆడిన కారణంగా మరో టూర్ సభ్యత్వం పోదని రాతపూర్వకంగా చెప్పాలి. దేశవాళీ టూర్లు రెండూ గుర్తించే ఉమ్మడి అర్హత పోటీ ఒకటి పెడితే క్యాడీ పిల్లవాడు రెండుచోట్ల ఎంట్రీ ఫీజు కట్టే బాధ తప్పుతుంది. ఇందులో ఏ ఒక్కటీ కోట్లు అడగదు.

కపిల్ దేవ్ గారూ, వచ్చే సీజన్ షెడ్యూళ్లు అచ్చయ్యేలోగా ముండీని, యువరాజ్ సింగ్‌ను పిలిపించి ఒక బల్ల దగ్గర కూర్చోండి. ముందుగా ఆ బహిష్కారాన్ని ఎత్తేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకోవచ్చు.